మస్తాన్ బాబు రెజ్యూమేలో గ్యాప్ ఎక్కడుంది?

శామీర్‌పేట చెరువు దగ్గర, రాజీవ్ రహదారి పక్కన ఓ టీ కొట్టు. ఆదివారం సాయంత్రం. బైకుల మీద వచ్చిన ముగ్గురు కుర్రాళ్లూ మేడ్చల్ వైపు కాలేజీల్లో ఇంజినీరింగ్ ఫైనలియర్. రెజ్యూమేలు ఓసారి చూడమని పిలిచారు. చూశాను, తప్పులు చెప్పాను. రెండో టీ వచ్చాక ఒకడు అసలు సంగతి బయటపెట్టాడు.

‘‘అన్నా, ఆఫర్ లెటరైతే వచ్చింది. జాయినింగ్ ఎప్పుడో చెప్తలేరు. ఊకె ఎదురుచూసుడెందుకు? బైక్ మీద లద్దాఖ్ పోతా. ఏడాది తిరిగొస్తా. తర్వాత ఇంటర్వ్యూల గ్యాప్ గురించి అడిగితే ఏం చెప్పాలె?’’

పక్కవాడు నవ్వుతూ, ‘‘ముందుగాల నువ్వు తిరిగి రా రా’’ అన్నాడు.

సరదాకే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. దానికి కారణం ఉంది. 2014 జూన్ 8న బాచుపల్లిలోని ఓ ఇంజినీరింగ్ కాలేజీ నుంచి స్టడీ టూర్‌కు వెళ్లిన విద్యార్థుల్లో 24 మంది హిమాచల్‌ప్రదేశ్‌లోని మండి జిల్లాలో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఎగువన లార్జి ప్రాజెక్టు నుంచి ఒక్కసారిగా నీళ్లు వదిలారు. ఫొటోలు దిగుతున్న పిల్లలకు ఒడ్డుకు చేరే టైం లేకపోయింది. ఆ ఏడాదే నేను ఇదే రూట్లో ఉన్న మరో కాలేజీలో చేరాను. టూర్ అన్న మాట వినగానే ఇంట్లో అమ్మ ముఖం మారిపోయేది. నాలుగేళ్లలో మా బ్యాచ్ ఇండస్ట్రియల్ టూర్ జీడిమెట్ల దాటలేదు.

ఆ ముగ్గురికీ బియాస్ గురించి తెలీదు. అప్పటికి వాళ్లు చిన్నపిల్లలు. అందుకే గ్యాప్ గురించి చెప్పేముందు మల్లి మస్తాన్ బాబు పేరు విన్నారా అని అడిగాను. ఇద్దరు వినలేదన్నారు. బైకు కుర్రాడు మాత్రం, ‘‘జాబ్ వదిలేసి కొండలెక్కినాయన గదా?’’ అన్నాడు. చాలామందికి తెలిసింది అంతే. అందులో సగమే నిజం.

ఐఐటీ, సత్యం, ఐఐఎం.. అన్నీ ఉన్నాయి

2015 ఏప్రిల్‌లో ఆయన గురించి మొదటిసారి పేపర్లో చదివాను. ఫస్టియర్‌లో ఉన్నాను. వార్త చివర్లో ఆయన చదువు గురించి నాలుగు లైన్లు ఉన్నాయి. వాటి దగ్గరే ఆగిపోయాను.

పుట్టింది 1974 సెప్టెంబరు 3న, నెల్లూరు జిల్లా సంగం మండలంలోని గాంధీ జనసంఘం అనే చిన్న ఊళ్లో. స్కూలు విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూలు. ఇంజినీరింగ్ జంషెడ్‌పూర్‌లో, ఇప్పుడు మనం ఎన్ఐటీ అంటున్న కాలేజీలో. 1996లో అది పూర్తయ్యాక ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఎంటెక్. 1998 నుంచి 2001 దాకా సత్యం కంప్యూటర్స్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్. ఆ తర్వాత ఐఐఎం కలకత్తా, 2004లో బయటికొచ్చారు.

సత్యం అంటే ఇప్పటి బ్యాచ్‌లకు తెలియకపోవచ్చు. మేడ్చల్ నుంచి గండిమైసమ్మ మీదుగా బహదూర్‌పల్లి వెళ్తే పెద్ద టెక్ మహీంద్రా క్యాంపస్ కనిపిస్తుంది కదా, ఒకప్పుడు అది సత్యం క్యాంపస్సే. తొంభైల చివర్లో ఆ కంపెనీ ఐడీ కార్డు మెడలో ఉంటే పెళ్లి సంబంధాలు వాటంతటవే వచ్చేవని మా మావయ్య ఇప్పటికీ చెబుతుంటాడు. ఆయన వదిలిన ఎనిమిదేళ్లకు, 2009 జనవరిలో, లెక్కల మోసం బయటపడి ఆ కంపెనీ కుప్పకూలింది. ఇది చెప్పింది ఉద్యోగాలు వదిలేయండి అని కాదు. ‘సెక్యూర్డ్ జాబ్’ అని ఇంట్లో వాదించేటప్పుడు ఈ తేదీ కూడా గుర్తుంచుకోండి, అంతే.

కొండల పిచ్చి మాత్రం ఈ డిగ్రీలన్నిటికంటే ముందుదే. కోరుకొండ స్కూల్లో ఓ విగ్రహం ఉంది. ఆ స్కూల్లోనే చదివి ఆర్మీలో చేరిన లెఫ్టినెంట్ ఉదయ భాస్కర రావుది. 1985లో ఎవరెస్ట్ ఎక్కబోయిన ఆర్మీ బృందంలో ఐదుగురు అధికారులు ప్రాణాలు కోల్పోయారు. వాళ్లలో ఆయన ఒకరు. స్కూల్లో రోజూ కనిపించే ఆ విగ్రహమే తనను పర్వతాల వైపు తిప్పిందని మస్తాన్ బాబు చెప్పుకునేవారు.

ఒక్కసారి ఆలోచించండి. శిఖరం చేరకుండానే చనిపోయిన మనిషి విగ్రహం అది. దాన్ని చూసి భయపడే పిల్లలూ ఉంటారు, దండం పెట్టి వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. ఈ కుర్రాడు మాత్రం ఆయన ఆగిన చోటు నుంచి తను వెళ్లాలనుకున్నాడు. కానీ ఇంటర్ అయిపోగానే బ్యాగు సర్దుకోలేదు. బీటెక్, ఎంటెక్, మూడేళ్ల ఉద్యోగం, ఎంబీఏ అన్నీ అయ్యాక ఏడు ఖండాల మీద గురిపెట్టారు. అప్పటికి ఆయనకు 31 ఏళ్లు.

అదొక షెడ్యూలింగ్ ప్రాబ్లమ్

ఏడు ఖండాల్లో ఒక్కో ఖండానికి ఎత్తైన శిఖరం ఒకటి. పర్వతారోహకులు వీటిని సెవెన్ సమిట్స్ అంటారు. చాలామందికి వీటిని పూర్తి చేయడానికి ఏళ్లు పడుతుంది. మస్తాన్ బాబు 2006లో 172 రోజుల్లో పూర్తిచేశారు. అప్పటికి అది ప్రపంచ రికార్డు.

ఆ 172 అంకె పోటీ పరీక్షల పుస్తకాల్లో బిట్‌గా కనిపిస్తుంది. నాకు మాత్రం ఆ అంకె వెనకున్న క్యాలెండర్ ఇష్టం. చూడండి.

జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ మాసిఫ్. దాన్ని ఎక్కిన తొలి భారతీయుడు ఆయనే. ఫిబ్రవరి 17న అర్జెంటీనాలో అకాంకాగువా. మార్చి 15న టాంజానియాలో కిలిమంజారో. ఏప్రిల్ 1న ఆస్ట్రేలియాలో కాజియాస్కో. మే 21న ఎవరెస్ట్. జూన్ 13న రష్యాలో ఎల్‌బ్రస్. జులై 10న అలస్కాలో డెనాలి.

ఇందులో ఓ చమత్కారం ఉంది. ఫోన్‌లో 2006 క్యాలెండర్ తెరిచి చూడండి. గురువారం, శుక్రవారం, బుధవారం, శనివారం, ఆదివారం, మంగళవారం, సోమవారం. ఏడు శిఖరాలు, ఏడు వేర్వేరు వారాలు. ఒక్కటీ రిపీట్ కాలేదు.

ఇప్పుడు ఈ వరసను ఆపరేషన్స్ రీసెర్చ్ క్లాసులో లెక్కలా చూద్దాం. అంటార్కిటికాలో కొండెక్కే సీజన్ నవంబరు నుంచి జనవరి వరకే. అకాంకాగువాకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి. ఎవరెస్ట్ మీద గాలి కాస్త తగ్గి దారి దొరికేది మే నెలలో కొద్ది రోజులు. డెనాలి సీజన్ మే నుంచి జులై మొదటి భాగం దాకా. అంటే మొదటి కొండ ఒక నెల ఆలస్యమైతే రెండోది పోతుంది. ఎవరెస్ట్ మీద వాతావరణం కుదరక జూన్‌లోకి జరిగితే చివరిది చేజారుతుంది. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో క్రిటికల్ పాత్ అని చదువుకుంటాం కదా, అదే ఇది. ఒక పని జారితే మొత్తం ప్లాన్ జారుతుంది.

కాజియాస్కో ఎత్తు 2,228 మీటర్లే. దాదాపు నడుచుకుంటూ వెళ్లే కొండ. దాన్ని కిలిమంజారోకూ ఎవరెస్ట్‌కూ మధ్య ఇరికించారు, పదిహేడు రోజుల తేడాతో. ఎవరెస్ట్‌కు మాత్రం యాభై రోజులు వదిలారు. అక్కడ శరీరం పల్చటి గాలికి మెల్లగా అలవాటు పడాలి. తొందర పనికిరాదు. ఆ అలవాటు కిందికి దిగాక కూడా కొన్ని వారాలు నిలుస్తుంది. ఎవరెస్ట్ నుంచి వచ్చిన ఒంటితో 23 రోజులకు ఎల్‌బ్రస్, ఇంకో 27 రోజులకు డెనాలి ఎక్కేశారు. మధ్యలో వీసాలు, విమానాలు, ఓ ఖండం నుంచి ఇంకో ఖండానికి సామాను. ఆ తేదీలను నేను ఓసారి ఎక్సెల్ షీట్‌లో వేసి చూశాను. అందులో ఖాళీ రోజులు దాదాపు లేవు. ఒక్క జ్వరం వచ్చినా మొత్తం పోయేది.

‘జాబ్ వదిలేసి కొండలెక్కాడు’ అన్న మాటలో పోయే సగం ఇదే. ఖరగ్‌పూర్‌లోనూ కలకత్తాలోనూ నేర్చుకున్నది ఆయన పడేయలేదు. బోర్డ్‌రూమ్‌లో వాడాల్సింది మంచు మీద వాడారు. తర్వాతి ఏళ్లలో కంపెనీల్లోనూ విద్యాసంస్థల్లోనూ నాయకత్వం మీద మాట్లాడారు. ఆయన రెజ్యూమే తీసి ఏ హెచ్ఆర్ ముందు పెట్టినా గ్యాప్ అనే మాట రాదు. ప్రతి ఏడాదికీ ఎదురుగా చేసిన పని ఉంది.

ఆ రికార్డును మరుసటి ఏడాదే ఐర్లాండ్‌కు చెందిన ఇయాన్ మెకీవర్ ఇంకా తక్కువ రోజుల్లో దాటారు. ఆ మెకీవర్ 2013 జనవరిలో కిలిమంజారో మీద పిడుగుపడి చనిపోయారు. రికార్డుల పేజీల్లో పక్కపక్కనే ఉండే పేర్లు ఇవి.

2015 మార్చి 24

2014 డిసెంబరులో మస్తాన్ బాబు దక్షిణ అమెరికా వెళ్లారు, ఆండీస్ పర్వతాల్లోని ఎత్తైన శిఖరాలు ఎక్కడానికి. మార్చి చివరికి చిలీ, అర్జెంటీనా సరిహద్దులో ఉన్న ట్రెస్ క్రూసెస్ సుర్ దగ్గరకు చేరారు. ఎత్తు 6,700 మీటర్ల పైనే. పైకి ఒంటరిగా బయల్దేరారు.

ఆ ప్రాంతపు కొండల్లో చాలావాటికి తాళ్లు, ఐస్ గోడలు ఎక్కే నైపుణ్యం పెద్దగా అక్కర్లేదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఒంటరిగా వెళ్తుంటారు. కష్టమంతా ఎత్తు, చలి, గాలితోనే. మంచును ఎగరేసుకుంటూ వచ్చే గాలిని అక్కడివాళ్లు ‘వియెంతో బ్లాంకో’ అంటారు. తెల్లగాలి అని అర్థం. అది లేస్తే చాచిన చెయ్యి కూడా కనపడదు. చుట్టుపక్కల ఊళ్లు ఉండవు. కింద ఉన్నది ప్రపంచంలోనే అత్యంత పొడి ప్రాంతాల్లో ఒకటైన అటకామా ఎడారి.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ ఎడారి మీద వాన పడింది. మార్చి 24, 25, 26 తేదీల్లో కురిసిన వానకు ఉత్తర చిలీలో కొపియాపో లాంటి పట్టణాలను బురద వరద ముంచెత్తింది. పదుల మంది చనిపోయారు. కింద వరదలు తెచ్చిన అదే తుపాను పైన మంచు తుపాను. మస్తాన్ బాబు నుంచి చివరి కబురు మార్చి 24న. ఆ తర్వాత ఏమీ లేదు.

ఆయన తిరిగి రాలేదని తెలిశాక స్నేహితులు, పాత క్లాస్‌మేట్లు ‘రెస్క్యూ మల్లి మస్తాన్ బాబు’ అంటూ ఫేస్‌బుక్‌లో పేజీ పెట్టారు. ఎంబసీలకు ఫోన్లు వెళ్లాయి. హెలికాప్టర్లు పైకి లేవాలన్నా వాతావరణం సహకరించాలి. కింద వరద సహాయానికే మనుషులు చాలని రోజులవి. ఏప్రిల్ 3న గాలింపు బృందాలకు ఆయన కనిపించారు, ప్రాణం లేకుండా. అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ట్విటర్‌లో ఆ కబురు చెప్పారు. ఆయనకు నలభై ఏళ్లు. ఏప్రిల్ నెలాఖరులో ఆ చిన్న ఊరికే తీసుకొచ్చారు.

వార్త చదివిన రోజు మా క్లాసులో రెండు రకాల మాటలు విన్నాను. ‘వీరుడు’ అని కొందరు. ‘ఐఐఎం చదివి ఇదేం పని’ అని ఇంకొందరు. మా మ్యాథ్స్ సార్ రెండో రకం. నేను ఏ పక్షమూ తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఇన్ని వేల మీటర్లు ఎక్కి దిగిన మనిషి అజాగ్రత్త వల్ల పోయాడని అనలేను. తుపానుకు ఆయన రెజ్యూమేతో పని లేదు. కానీ ఒంటరిగా వెళ్లడం అనే నిర్ణయం గురించి మాత్రం తరచూ ఆలోచిస్తాను. పక్కన ఇంకొకరు ఉంటే బతికేవారని చెప్పలేం, ఇద్దరూ పోయేవారేమో కూడా. కానీ ఎక్కడున్నారో, ఏమైందో చెప్పే మనిషంటూ ఒకరు ఉండేవారు. నెల్లూరు జిల్లాలో ఇంటివాళ్లు ఆ పది రోజులు ఫోన్ చూస్తూ కూర్చోవాల్సి వచ్చేది కాదు. నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది ఆ పది రోజులే.

లద్దాఖ్ లెక్క

ఇదంతా టీ కొట్టు దగ్గర చెప్పేసరికి చీకటి పడింది. బైకు కుర్రాడు కాస్త చిన్నబుచ్చుకున్నాడు. ‘‘అంటే పోవద్దంటవా అన్నా?’’

పోవద్దనలేదు. నేను వెళ్లాను, మూడేళ్ల ఉద్యోగం తర్వాత. అప్పుడు నేర్చుకున్నవి చెప్పాను, మీకూ పనికొస్తాయి.

హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది. లేహ్ 3,500. విమానంలో దిగితే కొన్ని గంటల్లో ఆ తేడా ఒంటి మీద పడుతుంది. దిగిన మొదటి రెండు రోజులు రూమ్‌లో పడుకోవడమే పని. ఖార్‌దుంగ్ లా కనుమ 5,300 మీటర్ల పైచిలుకు, కిలిమంజారో శిఖరానికి అది ఐదారు వందల మీటర్లే తక్కువ. బైకు ఎక్కించేస్తుంది కాబట్టి మనకా ఎత్తు అర్థం కాదు, మెదడుకు, ఊపిరితిత్తులకు అర్థమవుతుంది. తలనొప్పి తగ్గకపోయినా, నడక తూలినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా మందు వెతకడం కంటే ముందు చేయాల్సిన పని కిందికి దిగడం. ఇద్దరుంటే ఒకరి నడక తూలడం ఇంకొకరికి కనిపిస్తుంది. ఒక్కడివే ఉంటే నీకే తెలియదు.

మన ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. అదీ ఊళ్లలోనే. టెక్ మీద రాసేవాణ్ని కాబట్టి శాటిలైట్ గ్యాడ్జెట్ కొననా అని చాలామంది నన్ను అడుగుతారు. శాటిలైట్ ఫోన్లు, గార్మిన్ ఇన్‌రీచ్ లాంటివి ప్రభుత్వ అనుమతి లేకుండా మన దేశంలో వాడకూడదు. వాటితో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్న విదేశీ టూరిస్టులు ఉన్నారు. యూట్యూబ్ రివ్యూ చూసి ఆర్డర్ పెట్టేముందు ఇది చూసుకోండి.

బైకు కాదు, కొండలే కావాలనుకుంటే ఉత్తరకాశీలో నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ ఉంది. డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. దాదాపు నాలుగు వారాల బేసిక్ కోర్సు చేస్తే మంచు మీద కాలు ఎలా వేయాలో, ఎప్పుడు వెనక్కి తిరగాలో నేర్పుతారు. అంత దూరం ఎందుకంటే మనకు దగ్గర్లో భువనగిరి ఉంది. శామీర్‌పేట నుంచి ఔటర్ ఎక్కితే ఎంతో దూరం లేదు. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తాడు పట్టుకోవడం నేర్చింది ఆ ఖిల్లా బండ మీదే.

ఇక గ్యాప్ సంగతి. ఇంటర్వ్యూ చేసేవాళ్లతో నేను మాట్లాడినంతలో, ఖాళీ ఏడాది కంటే వాళ్లకు చిరాకు తెప్పించేది ‘సెల్ఫ్ డిస్కవరీ’ లాంటి మాటలు. నెలల వారీగా ఏం చేశావో చెప్పగలిగితే పెద్దగా సాగదీయరు. ఏడాది అని గాల్లో చెప్పకు, తేదీలు పెట్టు అన్నాను. జాయినింగ్ మెయిల్ వస్తే రిప్లై ఇవ్వడానికి ఎన్ని రోజులిస్తారో ఆఫర్ లెటర్‌లోనే ఉంటుంది, ముందు అది చదువు అన్నాను. చదవలేదట. అక్కడే ఫోన్‌లో తెరిచి చదివాడు. ఏడాది కాస్తా ఏడు వారాలైంది.

టీ బిల్లు వెనక రాయడం మొదలుపెట్టాడు. ఏ తేదీకి ఎక్కడ, రాత్రి బస ఎక్కడ, అక్కడ సిగ్నల్ ఉంటుందా లేదా. అది వాళ్ల నాన్నకు ఇచ్చి వెళ్లాలి. మనాలీ దాకా చకచకా రాశాడు. సర్చూ దగ్గర ఆగాడు. అక్కడ రెండు రోజులు ఫోన్ కలవకపోవచ్చని మ్యాప్‌లో చూపించాను.

‘‘మూడో రోజు కూడ నా ఫోన్ రాకపోతే నాయిన ఎవరికి చెయ్యాలన్నా?’’

ఆ గడి ఖాళీగా వదిలేసి, పెన్ను పట్టుకుని నా వంక చూస్తున్నాడు. ముందు వాళ్ల నాన్నను అడగమన్నాను. ఇంట్లో ఇంకా చెప్పలేదట.